డాబా మీద దాటిన రోడ్డు

మా పెద్దమ్మ ఇంట్లో దాన్ని ముందుగది అనడం పేరుకే. ఆదివారాలు అది విమానాశ్రయం. దివాన్ మంచం విమానం. ఇస్త్రీ బల్ల వెనక పెద్దనాన్న కుర్చీ వేసుకుని కూర్చుంటే అది పాస్‌పోర్టులు చూసే కౌంటరు. గోడకి ఆగ్నేయాసియా మ్యాపు ఒకటి ఉండేది. పెద్దమ్మ వేలు పెట్టి చూపించీ చూపించీ ఒకచోట కాగితం అరిగి నున్నగా అయిపోయింది. ఆ అరిగిన చోటే ఆవిడ ఏటేటా మనుషుల్ని తీసుకెళ్ళే దేశం. మా ఇంట్లో దాన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. “అక్కడ” అంటే అదే. “అక్కడ వానలు తగ్గాయట” అని పెద్దనాన్న పేపరు మడుస్తూ అంటే, వంటింట్లోంచి పెద్దమ్మ, “అయితే ఇక పెట్టెలు దించాలి” అనేది.

ఆవిడ మా అమ్మకి అక్క. నాకు లైబ్రరీలో ఉద్యోగం ఆ ఊళ్ళోనే రావడంతో వాళ్ళ మేడమీది గదిలో చాలాకాలం ఉన్నాను. వాళ్ళకి పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా నామీద చూపించారని అనను. పెద్దమ్మకి ప్రేమ చూపించే తీరిక ఉండేది కాదు. కానీ నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆ గదిలో ఎవర్నీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే అదే పెద్ద ప్రేమ అనిపిస్తుంది.

పెద్దమ్మ మొదట ఒక టికెట్ల ఆఫీసులో టైపిస్టు. ఓసారి గుంపుకి తోడుగా వెళ్ళాల్సిన మనిషి ప్రయాణం ముందురోజు జ్వరంతో పడుకుంటే, పాస్‌పోర్టు ఉన్న పాపానికి ఈవిణ్ణి పంపారు. తిరిగొచ్చి ఉద్యోగం మానేసింది. తనే సొంతంగా మనుషుల్ని పోగుచేసి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆవిడ గుంపులో కుర్రవాళ్ళు ఉండరు. ఇంటికి తాళం వేసి ఎటూ వెళ్ళి ఎరగనివాళ్ళు, రిటైరైనవాళ్ళు, భర్త పోయాక మొదటిసారి గడప దాటుతున్నవాళ్ళు. పెద్ద కంపెనీలు ఇలాంటివాళ్ళని బస్సులో కూర్చోబెట్టి కిటికీలోంచి చూపించి తెచ్చేస్తాయి. పెద్దమ్మ నడిపించేది.

పెద్దనాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. గుంపు అక్కడున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు ఇక్కడ ఫోను దగ్గర ఉండాలి. “మా అమ్మ మందులు వేసుకుంటోందా?”, “మా ఆయన ఎక్కడైనా తప్పిపోయాడా?” అని రోజూ ఫోన్లు. ఆయన సెలవు పెట్టి నల్ల ఫోను పక్కన కూర్చునేవాడు. మిగతా రోజుల్లోనూ, వెళ్ళాలనుకునేవాళ్ళు సలహాలు అడిగేది ఆయన్నే. అందరికీ ఆయన ‘ఫోన్ బావగారు’. ఆ దేశంలో ఏ నెలలో గొడుగు కావాలో, టాక్సీ ఎక్కేముందు ఎంతవుతుందో ఎందుకు అడగాలో, నీళ్ళ సీసా మూత తీసేముందు ఎలా తిప్పి చూడాలో ఆ గొంతులోంచే మా ఊరి వాళ్ళందరికీ తెలిసింది. పొద్దున పూట అక్కడి నది ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే నేను పుస్తకం మూసేసి వినేదాన్ని. ఆ నదిని ఆయన చూసింది లేదు. పెద్దమ్మ చెప్పినవీ, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పినవీ కలిపి, మధ్యలో తనది కాస్త పోసి చెప్పేవాడు.

ఇక ఆదివారాల సంగతి. పెద్దమ్మ దాన్ని రిహార్సల్ అనేది. ప్రయాణానికి ముందు వరసగా కొన్ని ఆదివారాలు గుంపు మొత్తం మా ఇంటికి రావాలి, అక్కడికి తీసుకెళ్ళే సంచితో, అక్కడ వేసుకునే చెప్పులతో. మొదట కౌంటరు. పెద్దనాన్న కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, తనకి రాని కాఠిన్యం తెచ్చిపెట్టుకుని, “ఎందుకొచ్చారు?” అనేవాడు.

“మీరే రమ్మన్నారుగా బావగారూ, కారప్పూస కూడా తెచ్చాను” అని కుట్టుమిషన్ వదినగారు డబ్బా బల్లమీద పెట్టేది. టైలరింగు చేసే ఆవిడ, నోరు ఊరుకోదు.

“అక్కడ ఇలా అన్నారంటే డబ్బా వాళ్ళు తింటారు, మిమ్మల్ని వెనక్కి పంపిస్తారు. చూడ్డానికి వచ్చాను అనండి. హోటలు పేరు చెప్పండి. అంతే. మీ చెల్లెలి పెళ్ళి కబుర్లు వాళ్ళకొద్దు.”

తర్వాత పెద్దమ్మ వంతు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరునెలల పైన గడువు ఉందో లేదో ఒక్కొక్కరిదీ తనే తిప్పి చూసేది. డబ్బు అంతా ఒక్కచోట పెట్టుకోవద్దనీ, చిల్లర నోట్లు పై జేబులో, పెద్దవి లోపల అనీ చెప్పేది. హోటలు కార్డు ప్రతివాళ్ళ జేబులోనూ ఉండాలి. దారి తప్పితే ఏడవద్దు, ఎవర్నీ ఏమీ అడగొద్దు, కార్డు తీసి టాక్సీవాడి ముందు పెట్టడమే. “నాకు దారులు బాగా గుర్తుంటాయండీ” అన్నాడు లెక్కల మాస్టారు ఒకసారి. “అక్కడ దారులకి మీరు గుర్తుండాలిగా” అంది పెద్దమ్మ. లేసులున్న బూట్లు వద్దు, విప్పడం తొడగడంలోనే సగం రోజు పోతుంది. కొత్త చెప్పులు అసలే వద్దు. వాన పడితే పరుగెత్తొద్దు, అది కాసేపట్లో ఆగిపోతుంది, మీ కాలు విరిగితే మాత్రం కాసేపట్లో అతకదు. ఎవరి సంచి వాళ్ళే మోసుకుని డాబా మెట్లు ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళు సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి ఎక్కాలి, ఎక్కగలిగేదాకా. ఒకావిడ సంచిలోంచి సన్నికల్లు పొత్రం బయటపడింది. అక్కడ చపాతీ ఒత్తుకోవడానికట.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష డాబా మీద. అక్కడి రోడ్లు దాటడం.

ఆ దేశంలో ఊళ్ళ నిండా మోటారుసైకిళ్ళు. వరదలా వస్తూనే ఉంటాయి, ఖాళీ అనేది దొరకదు. మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, ఇంకెవరూ చెయ్యరేమో అనిపిస్తుంది నాకు. చెయ్యి అడ్డంగా చాపి, వచ్చే బండి ఏదైనా ఆగిపోవాలన్నట్టు ఉరుకుతారు. సగం దాటాక ఇంటిమనిషి వెనకే ఉండిపోయిందని గుర్తొచ్చి, అదే పరుగున వెనక్కి వస్తారు. ఈలోగా ఆవిడ ముందుకి బయల్దేరుతుంది. ఇద్దరూ రోడ్డు మధ్యలో కలుసుకుని నువ్వెందుకు వచ్చావంటే నువ్వెందుకు వచ్చావని దెబ్బలాడుకుంటారు.

పెద్దమ్మ నేర్పేది ఒక్కటే. అడుగు తీసి వేశాక ఆగొద్దు. పరుగెత్తొద్దు. వెనక్కి అసలే రావొద్దు. ఒకే నడకతో నెమ్మదిగా పోతూ ఉండాలి. “బండి నడిపేవాడు దూరం నుంచే మిమ్మల్ని చూసి, ఎటు తిప్పాలో అప్పుడే అనుకుంటాడు. మధ్యలో మీరు మనసు మార్చుకుంటే వాడి లెక్క తప్పుతుంది. వాళ్ళు తప్పుకుంటారు. మీ పని నడవడం.”

డాబా మీద సుద్దతో రెండు గీతలు గీసేది. గుంపులో సగంమంది మోటారుసైకిళ్ళు. చేతుల్లో స్టీలు పళ్ళాలు హ్యాండిళ్ళలా పట్టుకుని, నోటితో చప్పుడు చేస్తూ అటూ ఇటూ తిరగాలి. మిగతా సగం దాటాలి. రిటైరైన క్యాషియరుగారు చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని, “బుర్ర్” అంటూ వంపులు తిరుగుతుంటే పక్క డాబాల మీది ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తియ్యడం మర్చిపోయి చూసేవాళ్ళు.

దాటలేనివాళ్ళని పెద్దమ్మ తీసుకెళ్ళేది కాదు. నిర్మొహమాటం. తన సొంత తమ్ముణ్ణి, మా మామయ్యని, మూడుసార్లు వెనక్కి పరుగెత్తాడని ఆపేసింది. ఆయన చాలాకాలం మా ఇంటికి రాకుండా మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళేవాడు, కోపం మాకు కనపడాలని.

పెద్దనాన్న రిటైరైన ఏడు. చివరి రోజు వేసిన దండ ఇంకా మేకుకి వేలాడుతుండగానే, భోజనాల దగ్గర అన్నాడు.

“ఈసారి నేనూ వస్తానోయ్.”

పెద్దమ్మ గరిటె ఆపింది. “ఫోను?”

“మీ తమ్ముడు కూర్చుంటానన్నాడు. ఎలాగూ అక్కకి నేను పనికిరాను, అక్క ఫోనుకైనా పనికొస్తానంటున్నాడు.”

ఆ రాత్రి నేను కిందికి వస్తే పెద్దమ్మ అల్మారా మీది నుంచి చిన్న పెట్టె దించి, గుడ్డతో తుడుస్తూ కనిపించింది.

ఆ ఆదివారం కౌంటరులో నేను కూర్చున్నాను. పెద్దనాన్న వరసలో నిలబడి, తన వంతు రాగానే, “చూడ్డానికి వచ్చానండీ” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెట్లు కూడా ఎక్కాడు. డాబా మీద గీత దగ్గర నిలబడి పెద్దమ్మ వైపు చూసి నవ్వి, అడుగు వేశాడు. ఎడమ వైపు నుంచి క్యాషియరుగారు పళ్ళెంతో వచ్చారు. పెద్దనాన్న తిన్నగా వెళ్ళి ఆయన్ని గుద్దుకున్నాడు. పళ్ళెం గింగిర్లు తిరుగుతూ గోడదాకా పోయింది.

“ఏం సార్, బ్రేకులు లేవా?” అన్నాడు పెద్దనాన్న.

“నేను కనపడలేదా బావగారూ? ఇంత పొట్ట ఉందే.”

అందరూ నవ్వారు. పెద్దమ్మ మళ్ళీ దాటించింది. ఈసారి కుడివైపు నుంచి కుట్టుమిషన్ వదినగారు. ఆవిడ పూర్తిగా దగ్గరికి వచ్చి ఆగిపోయేదాకా ఆయన తల తిప్పలేదు. నవ్వులు ఒక్కొక్కటిగా తగ్గాయి. పెద్దమ్మ కింద పడ్డ పళ్ళెం తీసుకుని, “ఇవాళ్టికి చాలు” అంది.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. నీటికాసులట. పక్కచూపు చాలావరకు పోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూస్తున్నట్టు కనపడుతోంది. చుక్కలమందు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది, పోయినది రాదు. ఎన్నాళ్ళు నిలుస్తుందని పెద్దమ్మ అడిగితే డాక్టరు, “చూడాల్సినవి ఏమైనా ఉంటే వాయిదా వెయ్యకండి” అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

“ఎప్పట్నుంచి? తలుపుచెక్క భుజానికి తగులుతోందని, వంకరగా బిగించాడని వడ్రంగిని తిట్టారే, అప్పట్నుంచా?”

“అంతకుముందే. వడ్రంగి పాపం మంచివాడే.”

“నాకు చెబితే ఏం పోయింది?”

“చెబితే ఆపేస్తావు.”

“చెప్పకపోయినా ఆపేస్తాగా.”

“అందుకే. ఆశపడ్డం వరకైనా ఒక ఏడాది కలిసొచ్చింది.”

పెద్దమ్మ చెప్పినట్టే చేసింది. ఆ ఏటి గుంపులో ఆయనకి చోటు లేదంది. పన్నెండుమందిని వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని, వెనకవాళ్ళని చూస్తుంటే ఈయన్ని ఎవరు చూస్తారు, తమ్ముణ్ణి ఆపి మొగుణ్ణి ఎలా తీసుకెళ్తాను అంది. పెద్దనాన్న వాదించలేదు. “నిజమేలే” అని ఫోను దగ్గరి తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. పెట్టె మాత్రం మళ్ళీ అల్మారా ఎక్కలేదు. గది మూల అలాగే ఉంది. ఊడ్చేటప్పుడు పెద్దమ్మ దాన్ని జరిపి ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో కొత్తావిడ, అక్కడికి వెళ్ళాలని ఉంది, భయంగా ఉంది అంటోంది. పెద్దనాన్న అన్నీ చెప్పాడు. గొడుగు, హోటలు కార్డు, చెప్పులు. పొద్దున్నే లేచి నది ఒడ్డుకి వెళ్ళండి, ఎండ ఎక్కకముందు నీళ్ళు ఒక రంగులో ఉంటాయి, పడవలు ఒకదాని వెనక ఒకటి కూరగాయలు వేసుకుని వస్తాయి అన్నాడు. నేను మెట్లమీద, పెద్దమ్మ వంటింటి గుమ్మంలో. అటువైపు ఆవిడ ఏదో అడిగినట్టుంది. 

“నేనాండీ? నేనింకా పెట్టె సర్దుకుంటున్నాను.”

పెద్దమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. పొయ్యిమీద పాలు పొంగిపోయిన వాసన ఇద్దరికీ వచ్చింది, ఎవరం వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నుంచి, గుంపు లేదు, ఆదివారం కాదు, రోజూ పొద్దువాలే వేళ ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్ళేది. మోటారుసైకిలు నేను. లైబ్రరీ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పనివ్వకుండా చేతికి పళ్ళెం ఇచ్చేది. నేను ఏ పక్క నుంచి వచ్చినా ఆయనకి తెలిసేది కాదు. కానీ ఒకటి గమనించాను. అందరూ బండిని చూడగానే బెదిరి ఆగిపోయేవాళ్ళు. ఆయన ఆగేవాడు కాదు, చూస్తేగా. ఎదురుగా సుద్దగీత మీదే చూపు పెట్టి, ఒకటే నడకతో వెళ్ళిపోయేవాడు. నేనే తప్పుకోవాల్సి వచ్చేది.

“నువ్వు నేర్పేదే అదిగా” అన్నాడు ఒకరోజు. “వాళ్ళే తప్పుకుంటారు, మన పని నడవడం. నీ గుంపులో నా అంత బాగా నడిచినవాళ్ళు ఉన్నారా?”

“గుడ్డిధైర్యం అంటారు దాన్ని.”

“ఏదో ఒక ధైర్యం. పేరు నువ్వు పెట్టుకో.”

పెద్దమ్మ గోడమీద కూర్చుని చాలాసేపు సుద్దముక్క అరచేతిలో దొర్లించింది. తర్వాతి ఆదివారం గుంపుని పిలిచి, ఈ ఏడు తీసుకెళ్ళడం లేదంది. గుంపునీ ఆయన్నీ కలిపి చూసుకోవడం తనవల్ల కాదు, ఆయన కళ్ళు ఇంకో ఏడాది ఆగుతాయో లేదో తెలియదు అని ఉన్నదున్నట్టు చెప్పింది. క్యాషియరుగారు నొచ్చుకున్నారు. ఇన్ని ఆదివారాలు మోటారుసైకిలు అయ్యానే, ఎప్పుడూ మనిషిని కానే లేదు అన్నారు. కొందరు వేరే కంపెనీతో వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. పెద్దమ్మ గుంపులు ఆ తర్వాత నిలదొక్కుకోలేదు. కుట్టుమిషన్ వదినగారు మాత్రం పెద్దనాన్నకి లోపలి జేబు ఉన్న రెండు చొక్కాలు కుట్టి ఇచ్చి, “కారప్పూస అక్కడివాళ్ళకి పెట్టకండి బావగారూ, మీరే తినండి” అంది.

అలా వాళ్ళిద్దరూ, తోడుగా నేనూ వెళ్ళాం.

మొదటి రోజు పొద్దున్నే హోటలు బయట నిలబడ్డాం. రోడ్డుకి అవతల నది. మధ్యలో మోటారుసైకిళ్ళు. డాబా మీద నేను పళ్ళెం పట్టుకుని చేసిన చప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. ఒక బండిమీద నలుగురు. ఒకదాని వెనక సీటులో ఒకాయన నిలువుటద్దం పట్టుకుని కూర్చున్నాడు, అందులో మేం ముగ్గురం ఒక్క క్షణం కనపడి పోయాం.

పెద్దమ్మ బండ్లు వచ్చే వైపు నిలబడి ఆయన మణికట్టు పట్టుకుంది. “నడవండి” అంది. నేను వాళ్ళ వెనకే. బండ్లు అటొకటి ఇటొకటి చీలిపోతున్నాయి, రాయి చుట్టూ నీళ్ళు తిరిగినట్టు. సగం దాటాం. అప్పుడు పెద్దమ్మ ఆగిపోయింది.

గుంపుల్ని ఎన్నిసార్లు దాటించిందో ఆ రోడ్డు. అన్నిసార్లూ అందరి భయాన్నీ కోప్పడింది. ఆ రోజు తన చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదో గుర్తొచ్చినట్టుంది. పాదాలు కదల్లేదు. ఒక బండి గట్టిగా హారను కొట్టి మా ముందు నుంచి దూసుకుపోయింది. ఇంకొకటి కీచుమని పక్కకి ఒరిగింది. పెద్దమ్మ వెనక్కి అడుగు వెయ్యబోయింది, అచ్చం మా మామయ్యలాగా.

“ఏంటోయ్, ఆగావు?” అన్నాడు పెద్దనాన్న.

“బండ్లు.”

“ఉంటాయి. నువ్వు పట్టుకున్నావుగా, పద.”

ఆయన ఆగలేదు. చెయ్యి విడిపించుకోకుండా, ఎదురుగా నది గట్టు మీదే చూపు పెట్టి ఆవిణ్ణి లాక్కుంటూ అదే నడకతో వెళ్ళాడు. అవతలి గట్టు చేరాక పెద్దమ్మ సిమెంటు బెంచీ మీద కూలబడి ఊపిరి తీసుకుంది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అలా నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆయన నదిని చూశాడు. చూడటం అంటే మనం చూసినట్టు ఒక్కసారిగా కాదు. గొట్టంలోకి పట్టినంత ముక్క, మళ్ళీ ఇంకో ముక్క. పెద్దమ్మ ఊపిరి కుదుటపడ్డాక ఆయన గడ్డం పట్టుకుని తల తిప్పడం మొదలుపెట్టింది.

“ఎడమకి. ఇంకా. అదిగో, పడవ.”

“కూరగాయలేవీ?”

“అది ఖాళీ పడవ. దాని వెనకది చూడండి. గుమ్మడికాయలు.”

“ఆఁ. పడవ నడిపేది ఆడమనిషి. నేను మొగవాడనుకుని చెప్పేవాణ్ణి అందరికీ.” కాసేపు చూసి, “నేను చెప్పినంత వెడల్పు లేదే ఇది” అన్నాడు.

“మీరు చెప్పినంత వెడల్పు సముద్రానికే ఉంటుంది.”

“ఎండ ఎక్కకముందు నీళ్ళు ఒక రంగులో ఉంటాయని చెప్పేవాణ్ణి. ఆ రంగేంటో ఎవరూ అడగలేదు, అడిగితే దొరికిపోయేవాణ్ణి. ఇదన్నమాట.” ఆ రంగు పేరు ఆయన అప్పుడూ చెప్పలేదు. ఊరికే దానివైపు చూస్తూ కూర్చున్నాడు, పెద్దమ్మ చెయ్యి ఆయన గడ్డం కిందే ఉంది.

ఆ రోజు చూడాలనుకున్న మ్యూజియం, బజారు ఏవీ చూడలేదు. రోడ్డు మళ్ళీ దాటడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. ట్రాఫిక్ తగ్గనీ అంటుంది, కాసేపాగి మళ్ళీ అదే మాట. నేనే అటు వెళ్ళి నీళ్ళు, బన్నులు, ఆయన టోపీ తెచ్చాను. పడవలు వెళ్ళిపోయాయి. నీళ్ళ రంగు మారింది, ఆయన ప్రతి మార్పునీ ముక్కలు ముక్కలుగా చూస్తూ ఉన్నాడు, ఆవిడ తల తిప్పుతూ ఉంది. నెత్తిమీదికి ఎండ వచ్చేసింది.

“ఆకలేస్తోందోయ్” అన్నాడు చివరికి.

“ఇంకాసేపు చూద్దాం. బండ్లు తగ్గుతాయేమో.”

“ఇక్కడ తగ్గవు. ఆ సంగతి ఫోనులో ఎంతమందికి చెప్పానో.” లేచి నిలబడి, రోడ్డు వైపుకి తిరిగి, ఆవిడ ఎటు ఉందో సరిగ్గా తెలియక కాస్త పక్కకి చెయ్యి చాపాడు.

పెద్దమ్మ బెంచీ మీద నుంచి లేచి, ఆ చెయ్యి ఉన్న చోటికి వెళ్ళి పట్టుకుంది.